నీళ్లంటే భయమున్న అమ్మాయితో హనీమూన్‌కి ఏ దీవి బాగుంటుంది?

నయీంనగర్:

అందరికీ నమస్తే. ఫిబ్రవరి చివర్లో నా పెళ్లి. పదహారు రోజుల పండుగ అయ్యాక, అంటే మార్చి రెండో వారం దాటాక, హనీమూన్‌కి వెళ్దామనుకుంటున్నాం. నేను కరెంటు ఆఫీసులో సబ్ ఇంజనీర్‌ని. మార్చిలో యాసంగి పొలాలకు మోటార్లన్నీ ఒక్కసారే నడుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతుంటాయి. అందుకని మా సార్ ఎనిమిది రోజులు సెలవు ఇస్తానన్నారు, అదే ఎక్కువ. రానుపోను ప్రయాణం కూడా అందులోనే. ఖర్చు లక్షన్నర దాకా పెట్టగలను. అప్పు చేసి మాత్రం వెళ్లను, ఆ మాట ఇంట్లో ముందే చెప్పేశాను.

అసలు సంగతి ఏమిటంటే, నేను సముద్రాన్ని ఒక్కసారే చూశాను, డిప్లొమాలో ఉన్నప్పుడు వైజాగ్‌లో. ఆమె ఇంతవరకు చూడనే లేదు. హుజూరాబాద్ పక్కన ఊరు, స్టాఫ్ నర్సుగా చేస్తోంది. తొమ్మిదేళ్ల వయసులో కాకతీయ కాలువలో కాలు జారి పడిపోతే, పక్కనే బట్టలు ఉతుకుతున్న మేనత్త జుట్టు పట్టి బయటికి లాగిందట. అప్పటినుంచి మోకాళ్లు దాటి ఎక్కడా నీళ్లలో దిగలేదు. పైగా ప్రయాణం పడదు. మేడారం పోతే తాడ్వాయి అడవి దాటేలోపు రెండు కవర్లు కావాల్సిందే. అయినా ఎంగేజ్‌మెంట్ రోజు ఫొటోలు దిగుతుంటే నన్ను మెల్లగా అడిగింది, "సముద్రం చూపిస్తారా?" అని.

ఫ్రెండ్స్ మాల్దీవ్స్ అంటున్నారు, నీళ్ల మీద గదుల ఫొటోలు పంపుతున్నారు. మా అక్క బాలి వెళ్లమంటోంది. ఇక్కడి ట్రావెల్స్ వాళ్లు అండమాన్ ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. నాకు బావిలో నేర్చుకున్న ఈత ఉంది. కానీ ఆమెను ఒడ్డున కూర్చోబెట్టి నేనొక్కణ్ణే దిగడం నాకిష్టం లేదు. ఉన్న భయం ఇంకా పెరిగితే అది మొత్తం నా తప్పే అవుతుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

జగిత్యాల:

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. నేనూ మా ఇంటామె మాల్దీవ్స్ వెళ్లొచ్చాం. సముద్రం మాటకొస్తే అలాంటి నీళ్లు నేను గల్ఫ్‌లో ఏడేళ్లున్నా చూడలేదు. నడుము లోతులో నిలబడితే కాలి గోళ్లు కనపడతాయి. దీవి చుట్టూ పగడపు గట్టు ఉంటుంది, పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, లోపలి నీళ్లు చెరువులా ఉంటాయి. మార్చి అక్కడ పొడి కాలమే. ఇక్కడిదాకా అన్నీ మీకు అనుకూలమే.

ఇక ఇబ్బంది చెప్తా. రిసార్టు దీవులకు తీసుకెళ్లే సీప్లేన్, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానం, పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మాకు టికెట్లు చేసిన ఏజెంటు ఆ సంగతి చూసుకోకుండా సాయంత్రం నాలుగున్నరకు మాల్దీవ్స్ రాజధాని మాలేలో దిగే ఫ్లైట్ వేశాడు. దిగేసరికి ఆఖరి సీప్లేన్ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలే దీవిలో సొంత డబ్బుతో గది తీసుకుని పడుకున్నాం, అక్కడ రిసార్టులో కట్టిన రాత్రి అద్దె పోయింది. పెళ్లయిన పన్నెండో రోజు, ఆమె ఏమీ అనలేదు కానీ నాకే మనసంతా కలుక్కుమంది. మధ్యాహ్నంలోపు దిగే ఫ్లైట్ ఉంటేనే సీప్లేన్ రిసార్టు పెట్టుకో. లేదంటే ఎయిర్‌పోర్టుకు దగ్గరగా స్పీడ్‌బోటులో చేరుకునే దీవి చూడు. కానీ స్పీడ్‌బోటు ఎగిరెగిరి పడుతుంది, బస్సే పడని అమ్మాయికి అది కష్టం.

రేటు చూసేటప్పుడు పన్నులు కలిపారో లేదో అడుగు. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ ఉంది. 2025 జూలై నుంచి టూరిజం జీఎస్టీ 17 శాతం అయింది. దాని మీద సర్వీస్ ఛార్జీ. ఇద్దరికి నాలుగు రాత్రులంటే గ్రీన్ ట్యాక్సే 96 డాలర్లు. నీ లక్షన్నరలో మంచి రిసార్టు రాదు తమ్ముడూ, మొహమాటం లేకుండా చెప్తున్నా. మాఫుషిలాంటి ఊరి దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు చవక, వస్తాయి. అక్కడ జనం ఉంటారు కాబట్టి బట్టల విషయంలో పద్ధతి పాటించాలి, స్నానాలకు వేరే బీచ్ కేటాయిస్తారు. ఇంకోటి, పూజించే విగ్రహాలు తేవద్దని వాళ్ల కస్టమ్స్ నిబంధన. అమ్మవాళ్లు ప్రేమగా సూట్‌కేసులో పెట్టేస్తారు, ముందే చూసుకో.

ఆ నీళ్ల మీద గది మాత్రం మీకు వద్దు. రాత్రంతా మంచం కింద నీళ్ల చప్పుడే. మా ఇంటామెకు ఏ భయమూ లేదు, అయినా మొదటి రాత్రి రెండుసార్లు లేచి తలుపు గడియ చూసింది.

నిజామాబాద్:

బాలి గురించి రెండు మాటలు. మీరు వెళ్లే నెలే సమస్య. అక్కడ వానాకాలం నవంబర్ నుంచి మార్చి దాకా. ఇంకా ముఖ్యం, వాళ్ల శక సంవత్సరాది న్యెపి మన ఉగాది రోజుల్లోనే పడుతుంది. 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు 24 గంటలు ఎయిర్‌పోర్టు మూసేస్తారు, దీపాలు తగ్గిస్తారు, టూరిస్టులైనా హోటల్ దాటి బయటికి రాకూడదు. మీరు వెళ్లే ఏడాది అది ఏ తేదీనో చూడకుండా టికెట్ చేయొద్దు. వీసాకు మనిషికి 5 లక్షల రుపియాలు (ఇండోనేషియా డబ్బు, మన రూపాయలు కాదు), టూరిస్టు రుసుము ఇంకో లక్షన్నర రుపియాలు. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు ప్రయాణానికే పోతుంది.

నాకు బాలి అంటే ప్రాణం. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందు కొబ్బరాకు దొప్పలో పూలు, అగరుబత్తి పెట్టి దండం పెడతారు. ఉలువాతు గుడి దగ్గర సూర్యుడు దిగుతుంటే మగవాళ్లంతా గుండ్రంగా కూర్చుని చక్ చక్ అంటూ నోటితోనే తాళం వేస్తుంటే మధ్యలో రామాయణం ఆడతారు. నీళ్లలో దిగకుండానే వారం గడిచిపోతుంది. కానీ ఆమె అడిగింది సముద్రం కదా. కుటా వైపు అలలు పెద్దవి. నుసా దువా, సనూర్ వైపు నెమ్మదిగా ఉంటాయి. మొదటిసారి సముద్రం చూసే మనిషికి వేరే చోటు వెతకండి. బాలి మొదటి పెళ్లిరోజుకు పెట్టుకోండి.

సుబేదారి:

తమ్ముడూ, నేను మీ పక్క కాలనీనే. ఆ అమ్మాయి సంగతి చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. నాకూ ఈత రాదు. మా ఊరి చెరువు కట్ట మీద నిలబడినా కళ్లు తిరిగేవి. రెండేళ్ల కింద మార్చిలోనే ఆయన, నేను అండమాన్ వెళ్లాం.

ముందు లెక్క చెప్తాను. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా ఫ్లైట్ ఉంది, రెండు గంటల పైచిలుకు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్ల మీద రెండు పేర్లూ కనపడితే కంగారు పడకండి. అంతకుముందే హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. పాస్‌పోర్ట్, వీసా ఏమీ అక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది, మేమెక్కిన ఆటో ఆయన శ్రీకాకుళం మనిషి, దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇద్దరికీ అన్నీ కలిపి మాకు తొంభై ఐదు వేలయ్యింది.

ఇక మీకు నేను చెప్పాలనుకున్నది. అందరూ ముందు హావ్‌లాక్ పెట్టి, చివర్లో నీల్‌లో ఒక పూట తిప్పి తెస్తారు. మీరు తిరగేసి పెట్టండి. మొదట నీల్. చిన్న దీవి, సైకిల్ మీద తిరిగొచ్చేయొచ్చు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు అక్కడ కూరగాయలు పండిస్తారు. రోడ్డు పక్కన వంకాయ, బీర పందిళ్లు, అరటి తోటలు, కాస్త ముందుకెళ్తే సముద్రం. పల్లెలో పెరిగిన పిల్లకు ఆ పొలాలు చూడగానే ప్రాణం కుదుటపడుతుంది. నాకు అదే జరిగింది.

అక్కడ భరత్‌పూర్ బీచ్ ఉంది. ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. చీలమండ లోతులో నడవొచ్చు. నేను ఆయన చేయి పట్టుకుని ఇరవై అడుగులు వేసి ఆగాను. రాళ్ల మధ్య గుంటల్లో నీలం చారల పిల్ల చేపలు, నల్లగా దోసకాయల్లా పడున్న సముద్రపు జీవులు. వంగి చూస్తుంటే నేను నీళ్లలో ఉన్నానన్నదే మర్చిపోయాను. తలెత్తేసరికి ఒడ్డు బాగా దూరంగా ఉంది, అప్పుడు గానీ తెలియలేదు అంత దూరం నడిచొచ్చానని. పగడాలు కోసుకుంటాయి, రబ్బరు చెప్పులు వేసుకోవాలి. వాటి మీద కాలు పెట్టకుండా ఇసుక చూసి నడవాలి. అక్కడే అడుగున అద్దం ఉన్న బోట్లు ఉంటాయి. తడవకుండా కూర్చుని పగడాలు చూడొచ్చు. ఆమెకు ముందు అది చూపించండి. లక్ష్మణ్‌పూర్‌లో రాతి వంతెన కూడా ఆటులోనే చూడగలం, కాబట్టి ఆటుపోట్ల వేళ హోటల్‌లో ముందురోజే అడిగి పెట్టుకోవాలి.

తర్వాత హావ్‌లాక్. రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్ అన్నది. తెల్లటి ఇసుక, వెనక ఆకాశమంత ఎత్తు చెట్లు. కానీ అక్కడ అల ఉంటుంది. నీల్‌లో రెండు రోజులు కాళ్లు తడుపుకున్న మనిషి ఆ అలను చూసి భయపడదు, నేరుగా అక్కడికి తీసుకెళ్తే మాత్రం కాలువ గుర్తొస్తుంది. ఆమె దిగనంటే బలవంతం చేయొద్దు. మా బ్యాచ్‌లో ఒకాయన సరదాకి భార్యను ఎత్తుకుని నీళ్లలో వేశాడు. ఆ అమ్మాయి మిగతా మూడు రోజులు ఒడ్డుకే రాలేదు.

పొద్దు విషయం గుర్తుంచుకోండి. అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు వాళ్లవాడు. మార్చిలో సాయంత్రం ఐదున్నరకే మునిగిపోతాడు. ఐదింటికి బయల్దేరదాం అనుకుంటే రాధానగర్ చీకట్లో చూస్తారు.

దీవుల మధ్య తిరిగే బోటు గురించి, పొద్దుటి బోటే తీసుకోండి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. కింది డెక్‌లో నడిమి సీట్లు. గంట ముందే మాత్ర, ఆమె నర్సు కాబట్టి ఏది వేసుకోవాలో ఆమెకే తెలుస్తుంది. ఖాళీ కడుపుతో వద్దు, నేను రెండు సకినాలు నములుతూ దూరాన గీతలా కనిపించే సముద్రపు అంచునే చూస్తూ కూర్చున్నాను, దాటేశాను. సిగ్నల్ పోతే ఫోన్ పేలు పనిచేయవు, చేతిలో నగదు ఉంచుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు పర్సులో వేసుకోవద్దు, నేరం కూడా.

మొదటి సాయంత్రం సెల్యులర్ జైలు చూడండి. హనీమూన్‌లో జైలేమిటని మా అత్తమ్మ అన్నది. 1906లో పూర్తయిన ఏడు భవనాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ జైలు కట్టకముందే, 1857లో హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మన మౌల్వీ అల్లావుద్దీన్‌ని ఆ దీవులకే పంపారు. ఆ జైలు గది కడ్డీలు పట్టుకుని నిలబడ్డప్పుడు మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఆ మనిషి ఇంకొంచెం దగ్గరయ్యాడు అక్కడే.

నయీంనగర్:

అక్కా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఒక్క అనుమానం. స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం, ఈత రానివాళ్లు కూడా చేయొచ్చంటున్నారు, ఆమెతో చేయించొచ్చా?

సుబేదారి:

ఈత రాకపోయినా చేయిస్తారు, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, నిజమే. కానీ ముందు డబ్బు కట్టేయకు. నీల్ అయ్యాక ఆమెనే అడుగు. నువ్వు చేసినా, చేశాక ఒక రోజు పూర్తిగా గడిచాకే ఫ్లైట్ ఎక్కాలి. కాబట్టి తిరుగు ప్రయాణం ముందురోజుకు పెట్టుకోవద్దు.

ఒక పని చెయ్యి. పెళ్లిలోపే ఇంట్లోవాళ్లతో కలిసి లక్నవరం వెళ్లి రండి. ములుగు దాటితే వచ్చేస్తుంది. వేలాడే వంతెన మీద నడిపించు, లైఫ్ జాకెట్ వేసి బోటు ఎక్కించు. ఆమె ముఖం చూస్తే నీకే తెలిసిపోతుంది.

నయీంనగర్:

అందరికీ అప్‌డేట్. ఆదివారం లక్నవరం వెళ్లాం. మా వదిన, పెళ్లికూతురి తమ్ముడు కూడా వచ్చారు. వంతెన మీద ఆమె సగం దాకా తాడు వదల్లేదు. చెక్కలు ఊగుతుంటే ఆగిపోయి కళ్లు మూసుకుంది. నేను మాట్లాడకుండా పక్కనే నిలబడ్డాను. తర్వాత తనే నడిచింది. బోటులో లైఫ్ జాకెట్ క్లిప్పులు మూడుసార్లు సరిచూసుకుంది. అటు దీవి దాకా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మాత్రం చేయి బయటికి చాపి వేళ్లు నీళ్లలో పెట్టింది. వాంతి కాలేదు.

వచ్చేటప్పుడు కారులో మీ అందరి మెసేజ్‌లు చదివి వినిపించాను. జగిత్యాల అన్న చెప్పిన తలుపు గడియ దగ్గర ఆపి, నీళ్ల మీద గది వద్దే వద్దంది. భరత్‌పూర్ గురించి అక్క రాసింది రెండోసారి చదవమంది. నిన్న టికెట్లు చేశాం. ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్, రెండు నీల్, రెండు హావ్‌లాక్, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. బోట్లన్నీ పొద్దుటివే. స్కూబా ఏమీ బుక్ చేయలేదు. అద్దం బోటు మాత్రం మొదటి రోజే ఎక్కుదామంది. మా అమ్మ అప్పుడే సకినాల పిండి గురించి మాట్లాడుతోంది.