వయోలా బీచ్ పాటలు ఇంకేమైనా ఉన్నాయా?
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ కుర్రాళ్ల బ్యాండ్ వయోలా బీచ్ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

2016 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున స్వీడన్‌లో, ముందురోజు కచేరీ ముగించుకుని వెళ్తుంటే, వాళ్ల కారు, ఓడ వెళ్లడానికి పైకి తెరిచి ఉన్న వంతెన మీంచి కాలువలో పడిపోయింది. నలుగురు సభ్యులు, మేనేజరు, ఒక్కరూ బతకలేదు. అప్పటికి ఆల్బమ్ కూడా రాలేదు. ఆ జూన్‌లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో కోల్డ్‌ప్లే బ్యాండ్ వాళ్లు వీళ్ల పాట వీడియోను తెర మీద వేసి, ఆ పాటనే అందుకుని పాడారు. తెర మీద నవ్వుతూ గిటార్ వాయిస్తున్న ఆ పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆగస్టులో ఆల్బమ్ బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది.

అందులో ఉన్నవి తొమ్మిది పాటలే. అన్నీ నోటికి వచ్చేశాయి.

ఆల్బమ్‌లో లేని లైవ్ రికార్డింగులు, రేడియోలో పాడినవి ఎక్కడైనా వినొచ్చా? సీడీని హైదరాబాద్‌కి తెప్పించుకున్నవాళ్లు ఉంటే, ఎక్కడ కొన్నారో, కస్టమ్స్ ఎంత పడిందో చెప్పండి. పాత కాపీ అయినా పర్వాలేదు, లోపలి బుక్‌లెట్ ఉంటే చాలు.