కొండ మీద 18 కిలోమీటర్ల బాట, అయిదుగురం, ఒక్క రోజు: ఎన్నింటికి బయల్దేరాలి?

(కొండ నడక మీద ఒక చర్చ; గట్టుదారి, ఎత్తుగీత, చివరివాడు, పాదరక్ష అనేవి రాసినవాళ్ల పేర్లు.)

గట్టుదారి: ఒక పొడవాటి కాలిబాటలో ఒక భాగం అయిదుగురం కలిసి నడవాలనుకుంటున్నాం. మొత్తం 18 కి.మీ. మొదటి 7 కి.మీ.లోనే 900 మీటర్లు ఎక్కాలి. గట్టు మీదికి చేరాక ఇక దిగుడే, అందులో 600 మీటర్లు బాగా నిటారు. ఇద్దరికి కొండ నడక కొత్త. పొద్దు 6 గంటలకి గూకుతుంది. బాట మొదలయ్యేది ఒక చోట, ముగిసేది ఇంకో చోట. ఎన్నింటికి బయల్దేరాలి? కారు ఎక్కడ పెట్టాలి? కొత్తవాళ్లు వెనకబడకుండా ఏం చెయ్యాలి?

ఎత్తుగీత: ముందు లెక్క వేసుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. 1892లో స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ చెప్పిన సూత్రాన్ని మీటర్లలోకి మార్చి ఇప్పటికీ వాడతారు: 5 కి.మీ.కి ఒక గంట, పైగా 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది అలవాటున్నవాళ్లకి, విశ్రాంతి కలపకుండా. మీ గుంపుకి గంటకి 4 కి.మీ. పెట్టుకోండి.

ఎక్కడానికి: 7 కి.మీ.కి 1 గంట 45 నిమిషాలు, ఎత్తుకి గంటన్నర, ఆగడాలకి 25 నిమిషాలు. మొత్తం 3 గంటల 40 నిమిషాలు. దిగడానికి: 11 కి.మీ.కి 2 గంటల 45 నిమిషాలు, నిటారు దిగుడుకి 300 మీటర్లకి 10 చొప్పున 20 నిమిషాలు, భోజనానికి 30, ఆగడాలకి 20. అంటే 3 గంటల 55 నిమిషాలు. రెండూ కలిపితే 7 గంటల 35 నిమిషాలు.

8 గంటలకి నడక మొదలైతే 11:40కి గట్టు మీద ఉండాలి, 3:35కి కింద. 12:30 దాటినా గట్టు చేరకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. ఆ టైం ముందు రోజే అందరూ ఒప్పుకుని ఉండాలి. శిఖరం కళ్లెదుట కనిపిస్తుంటే అక్కడికక్కడ తిరగాలనే నిర్ణయం ఎవరూ తీసుకోలేరు.

చివరివాడు: కారు సంగతి. బస్సు ఉంటే పొద్దున్నే కారు బాట *ముగిసే* చోట పెట్టి, బస్సులో మొదటికి వెళ్లండి. అటుది ఇటు చేస్తే, అలసిపోయి దిగుతూ చివరి బస్సు కోసం పరిగెత్తాలి. నిటారు దిగుడులో మడమలు మెలికపడేది ఆ తొందరలోనే. బస్సు లేకపోతే రెండు కార్లు కావాలి. అప్పుడు చివర పెట్టిన కారు తాళం నడిచేవాళ్ల దగ్గరే ఉందో లేదో చూసుకోండి. మొదటి కారులో మరిచిపోవడం చాలా మామూలు.

ఇక వెనకబడటం. ముందున్నవాళ్లు ఆగి, వెనకున్న మనిషి రాగానే లేచి బయల్దేరితే, విశ్రాంతి అంతా గట్టివాళ్లకే దక్కుతుంది. అది అన్నిటికంటే అవసరమైన మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకదు. మధ్యాహ్నానికి ఆ మనిషి కుదేలైపోతే అది గుంపు తప్పే. అందుకని నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి, అనుభవం ఉన్న ఒకరు అందరికంటే వెనక నడవాలి. ఆఖరి మనిషి వచ్చాకే పది నిమిషాలు లెక్కపెట్టాలి. బాట చీలే ప్రతిచోటా అందరూ కలిసేదాకా కదలొద్దు. ఎక్కేటప్పుడు రొప్పకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వెచ్చగా కప్పుకుని మొదలెడితే పావుగంటలో లోపలి బట్ట చెమటకి తడుస్తుంది, గట్టు మీద గాలికి అదే వణికిస్తుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆగగానే, ఒళ్లు చల్లబడక ముందే ఇంకో పొర వేసుకోవాలి.

పాదరక్ష: కొత్తవాళ్లిద్దరి కాళ్లు చూసుకోండి. బొబ్బ ఒక్కసారిగా రాదు, ముందు మడమ దగ్గర వేడిగా, గీరుకుంటున్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగాలి. సాక్సు విప్పి, చర్మం పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, టేపు ముడతల్లేకుండా అంటించాలి. టేపు మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి. చదరంగా వదిలితే మూల సాక్సుకి పట్టుకుని లేస్తుంది, అరగంటలో టేపే ఉండగట్టి గీరుతుంది.

దిగేముందు లేసులు మళ్లీ కట్టుకోవాలి. రెండు వైపులా పై రెండు రంధ్రాల మధ్య లేసుని చిన్న ఉచ్చులా వదిలి, ఒక్కో లేసు కొసని అవతలి వైపు ఉచ్చులోంచి దూర్చి లాగితే మడమ కదలదు. వదులుగా ఉంటే పాదం ముందుకి జారి బొటనవేలి గోరు బూటుకి కొట్టుకుంటుంది, గోరు నల్లబడేది అందుకే. అడుగులు చిన్నవి వెయ్యాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి.

నీళ్లు గంటకి అర లీటరు చొప్పున, అంటే మనిషికి దాదాపు నాలుగు లీటర్లు. ఎండ ఎక్కువైతే ఇంకా కావాలి. తిండి గంటకోసారి కొంచెం కొంచెం, ఉప్పుగా ఉండేది ఒకటి తప్పకుండా.

గట్టుదారి: చాలా ఉపయోగపడింది. మ్యాప్ ఫోన్‌లో ఉంటే చాలా?

ఎత్తుగీత: మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు. సిగ్నల్ కోసం వెతకడంలోనే బ్యాటరీ కరిగిపోతుంది. కాగితం మ్యాప్ కూడా ఒకటి ఉండాలి. 1:50,000 మ్యాప్‌లో 2 సెం.మీ. ఒక కిలోమీటరు. బాట గుర్తులు చాలాసేపు కనిపించకపోతే ముందుకి కాదు, చివరి గుర్తు దాకా వెనక్కి నడవండి.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపు ఉంటే పిడుగు 10 కి.మీ. లోపే పడుతున్నట్టు, వెంటనే గట్టు దిగాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు పైకి వెళ్లొద్దు.

ప్రతి ఒక్కరి దగ్గరా తలకి కట్టుకునే టార్చి, ఈల ఉండాలి. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. మూడుసార్లు తిరిగి వినిపిస్తే ఎవరో విన్నారని అర్థం. అయినా వాళ్లు చేరేదాకా ఊదుతూనే ఉండాలి, శబ్దాన్ని బట్టే వాళ్లు దారి పట్టుకుంటారు.