అమ్మ చెయ్యి వాపుకి లింఫోసింటిగ్రఫీ రాసినారు, ఎవరైనా చేయించుకున్నారా?

చిత్తూరు_ఆడబిడ్డ:
అందరికీ నమస్కారం. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది, ఎడమ పక్క, చంకలో లింఫ్ గ్రంథులు (నోడ్లు) కూడా తీసేసినారు, తర్వాత కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయినాయి, రిపోర్టులు బాగానే వస్తా ఉండాయి. పండక్కి గాజులు వేసుకుందామంటే కుడి చేతికి ఎక్కినాయి, ఎడమ చేతికి ఎక్కలా. ఇప్పుడు మోచేతి కింద వేలుతో నొక్కితే గుంట పడతా ఉంది, సాయంత్రానికి చెయ్యి బరువెక్కిపోతా ఉందంటుంది. వీధిలో వాళ్లేమో బోదవ్యాధి అంటా ఉండారు, అది విని ఇంకా భయపడింది. డాక్టరు గారు ముందు డాప్లర్ (నాళాల్లో రక్తం పారేది చూసే స్కాన్) తీయించి, అది నార్మల్ వచ్చినాక ఈ లింఫోసింటిగ్రఫీ స్కాన్ రాసినారు. ఇన్నాళ్లూ ఆ చేతికి సూది వద్దు, బీపీ వద్దు అని చెప్పి ఇప్పుడు ఆ చేతికే సూది అంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. వాపు కళ్లకే కనిపిస్తా ఉంటే స్కాన్ ఎందుకసలు? నేను ఐదో నెల గర్భిణిని, తోడు పోవచ్చా?

గామా_కెమెరా_తిరుపతి:
అమ్మా, నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నీషియన్‌ని. డాప్లర్ ఎందుకంటే సిరలో రక్తం గడ్డకట్టినా చెయ్యి ఇట్లాగే వాస్తుంది, ముందు అది కాదని తేల్చుకోవాలి. వాపుందా లేదా అనేది టేపుతోనే తెలుస్తుంది, మా స్కాన్ చూసేది లింఫ్, అంటే కణాల మధ్య నుంచి సన్న నాళాల్లోకి చేరే నీరు, ఎక్కడిదాకా పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని. టెక్నీషియం 99ఎం అనే రేడియేషన్ ఇచ్చే పదార్థం కలిపిన మందు కొంచెమే, వేళ్ల మధ్య చర్మంలో సన్నటి సూదితో ఇస్తాం, రెండు చేతులకీ, పోల్చి చూడాలి కదా. కాసేపు చురుక్కుమంటుంది, నిజమే. తర్వాత మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటాం, మధ్యమధ్యలో కెమెరా కింద చేతులు చాపి పడుకోవాలి, కదలకూడదు. బాగున్న చేతిలో మందు సన్నటి గీతలా పైకి పోయి చంకలో చుక్కలుగా కనిపిస్తుంది. వాచిన చేతిలో, కాలువకి అడ్డంపడితే నీళ్లు గట్టు దాటి చేలోకి పారినట్టు, చర్మమంతా మబ్బుగా పరుచుకుంటుంది, డెర్మల్ బ్యాక్‌ఫ్లో అంటారు. ఆ చేతికి సూది వద్దనేది ఇన్‌ఫెక్షన్ భయంతో చెప్పే జాగ్రత్త, ఇక్కడ బాగా శుభ్రం చేసే ఇస్తాం, అమ్మగారికి ఆ మాట చెప్పండి. మందులోని రేడియేషన్ 6 గంటలకి సగం అవుతుంది, 24 గంటలకి పదహారో వంతు మిగులుతుంది. మీరు మాత్రం రావద్దు, వేరే ఎవరినైనా పంపండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది, చిత్తూరు నుంచి అయితే వేలూరు సీఎంసీ కూడా దగ్గరే, ముందు ఫోన్ చేసి అడిగి పోండి.

పుత్తూరు_లక్ష్మి:
చెల్లీ, నాకూ ఇదే కథ. నాకు చెన్నైలో ఆకుపచ్చ మందుతో తీసినారు, ఐసీజీ అంటారు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో లింఫ్ దారులు మెరుస్తా కనిపించినాయి, నేనే తెర మీద చూసినాను. దీంట్లో రేడియేషన్ లేదు, కానీ చర్మం కింద సెంటీమీటరో ఒకటిన్నరో వరకే కనిపిస్తుంది, లోతు తెలీదు. అయోడిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. లింఫ్ నాళాన్ని సిరకి కలిపే ఆపరేషన్ చేసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుందంట. బోదవ్యాధి దోమ వల్ల వచ్చేది, మనది నోడ్లు తీసినందుకు, రేడియేషన్ పెట్టినందుకు వచ్చింది. వీధిలో మాటలు అమ్మ చెవిన పడనీయొద్దు.

ఫిజియో_అన్న:
స్కాన్ తేదీ వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దండీ, అందరూ చేసేది ఇదే, నాకు బాధేస్తుంది. ఈ రోజే రెండు చేతులూ ఒకే చోట్ల టేపుతో కొలిచి రాసి పెట్టండి, 2 సెంటీమీటర్లు తేడా వస్తే మామూలుగా లింఫిడీమా (లింఫ్ ఆగి వచ్చే వాపు) కింద లెక్క. గుంట పడతా ఉందంటే ఇంకా నీరే ఎక్కువ, వదిలేస్తే తర్వాత కొవ్వు, నార పేరుకుని గట్టిపడుతుంది, అప్పుడు తగ్గించడం చానా కష్టం. నేర్చుకున్న ఫిజియో దగ్గర డ్రైనేజి మసాజు, పొరలు పొరలుగా బ్యాండేజి మొదలుపెట్టండి, చెయ్యి తగ్గినాక కొలత తీసి స్లీవ్ (చేతికి బిగుతుగా తొడిగే తొడుగు). షాపులో సైజు చూడకుండా కొన్న స్లీవ్ మణికట్టు దగ్గర బిగిసి చేతి వేళ్లు వాచి వచ్చేవాళ్లని చూస్తా ఉంటా. నీరు పోయే మాత్రలు దీనికి పనిచేయవు.

చిత్తూరు_ఆడబిడ్డ:
అందరికీ చానా థాంక్స్. అమ్మకి చదివి వినిపించినాను, రెండు చేతులకీ సూది అనేసరికి కొంచెం మెత్తబడింది. మా పిన్ని తోడు పోతుంది. స్కాన్ వచ్చే వారం, ఈలోపు ఏదన్నా అయితే ఎట్లా?

గామా_కెమెరా_తిరుపతి:
చెయ్యి ఎర్రగా, వేడిగా అయి జ్వరం వస్తే ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి, యాంటీబయాటిక్ కావాలి, స్కాన్ తర్వాత పెట్టుకోవచ్చు. చంకలో, మెడ పక్కన కొత్త గడ్డ తగిలినా, వాపు ఉన్నట్టుండి నెప్పితో పెరిగినా అంతే, అప్పుడు సీటీ లాంటివి చూడాల్సి రావొచ్చు. స్కాన్ రోజు ఉంగరాలు, గాజులు తీసి రమ్మనండి.