చెస్ క్లాసులో అన్నీ స్పీడు ఆటలే, మార్చమంటారా?

నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాప నాలుగో తరగతి. కాస్త నిలకడ వస్తుందని చెస్‌లో చేర్పించాం. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికల ఊరు కదా, ఇక్కడ ఆ మోజు ఎక్కువే.

క్లాసులో ఎక్కువగా మూడు నిమిషాల ఆటలే ఆడిస్తున్నారు. ఇంటికొచ్చాక ఫోన్లోనూ అవే. అవతలివాళ్లు ఎత్తు వేయకముందే దీని చెయ్యి గుర్రం మీద ఉంటుంది. మంత్రి పోయాక గానీ బోర్డంతా చూడదు. ఓడితే వెంటనే ఇంకో ఆట! ఎక్కడ పోయిందో చూద్దామంటే విసుగు.

చెస్ వల్ల లెక్కలు బాగా వస్తాయన్న ఆశ నాకు లేదు. ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల మీద చేసి 2016లో ప్రకటించిన పరిశీలనలో ఆ లాభం కనపడలేదు. నాకు కావాల్సింది ఓపిక, అంతే.

ఎత్తులు కాగితం మీద రాసుకుంటూ గంటసేపు ఒకే ఆట ఆడిస్తే ఈ దూకుడు తగ్గుతుందా? మీ పిల్లలతో చేసి చూసినవాళ్లు చెప్పండి. సార్ నొచ్చుకోకుండా ఈ మాట ఎలా అడగాలి? విజయవాడలోనైనా సరే, ఆదివారాలు నిదానంగా ఆడించే క్లాసు తెలిస్తే చెప్పగలరు.