కోహాలో తెలుగు పేరు కొడితే పుస్తకం దొరకడం లేదు

హన్మకొండలో చిన్న గ్రంథాలయం నడుపుతున్నాం. సుమారు 2,300 పుస్తకాల వివరాలు కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాం. పాఠకులు ఇంటి నుంచే ఫోన్‌లో వెతుక్కుంటారని లింకు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశాం. తొందరపడ్డామేమో.

ఐఎస్‌బీఎన్ కొట్టినా, ఇంగ్లిష్ పేరు కొట్టినా పుస్తకం వెంటనే వస్తోంది. 'కాకతీయులు' అని తెలుగులో కొడితే మాత్రం సున్నా. అదే పుస్తకాన్ని బార్‌కోడ్‌తో తెరిస్తే పేరు దీర్ఘాలతో, గుణింతాలతో సహా శుభ్రంగా కనిపిస్తోంది!

అను ఫాంట్ల గొడవేమో అనుకున్నాం. కాదు, అన్నీ యూనికోడ్‌లో టైపు చేసినవే. అయినా ఎక్సెల్ ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి 20 పుస్తకాలు మళ్లీ ఎక్కించి చూశాం. కోహాలో వెతికే పని చూసే జీబ్రా ఇండెక్స్ మొత్తం రెండుసార్లు కొత్తగా కట్టించి, సర్వర్ రీస్టార్ట్ చేశాం. ఏం లాభం లేదు.

సర్వర్ ఉబుంటు 22.04, కోహా 23.11. జీబ్రా ఇప్పుడు సీహెచ్‌ఆర్ (అక్షరాల పట్టిక చూసి పదాలను గుర్తించే) పద్ధతిలో ఉంది. తెలుగుకు ఐసీయూ (యూనికోడ్ లిపులను గుర్తించే పద్ధతి) పెట్టాలని ఒకరన్నారు గానీ, నడుస్తున్న సర్వర్ మీద చెయ్యి వేయాలంటే టెన్షన్‌గా ఉంది.

సీహెచ్‌ఆర్ నుంచి ఐసీయూకి మార్చి ఇండెక్స్ మళ్లీ కట్టించాక, ఎక్కించిన వివరాలేవీ పోకుండా తెలుగులో వెతకడం మీలో ఎవరికైనా పనిచేసిందా?