దండు బజారు: షష్ఠా, చతుర్థా?

మద్దిలపాలెం నుంచి ఒక టీచరు:
మన విశాఖలో మహారాణిపేట దగ్గర దండు బజారు ఉంది కదా. దండు అంటే సైన్యం, అక్కడ గొడవ లేదు. విగ్రహవాక్యం దగ్గరే పేచీ. ‘దండు యొక్క బజారు’ అని షష్ఠి చెప్పాలా, ‘దండు కొరకు బజారు’ అని చతుర్థి చెప్పాలా? మా స్టాఫ్‌రూమ్‌లో రెండు జట్లయిపోయాం. పెద్దలు ఎవరైనా తేల్చాలి.

సీతమ్మధార నుంచి, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:
నా ఓటు షష్ఠికే అమ్మా. ‘దండు కొరకు’ అంటే బజారు ఒకచోట కుదురుగా ఉంటే దండు వచ్చి సరుకు కొనుక్కున్నట్టు ఉంటుంది. పాతకాలంలో అలా కాదు. దండు కదిలితే బజారూ కదిలేది. అక్కడ డేరాలు దిగితే ఇక్కడ అంగళ్లు తెరుచుకునేవి. ఈస్టిండియా కంపెనీ కాలంలో సిపాయికి సర్కారు జీతం ఇచ్చేది, దండయాత్రలో ఉంటే పైన బత్తెం ఇచ్చేది, అంతేగాని మామూలుగా వండి పెట్టేది కాదు. బియ్యం, పప్పు, ఉప్పు అతనే కొనుక్కోవాలి. కాబట్టి బజారు లేని దండు పస్తే.

1791 మే నెలలో టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం దాకా వెళ్లిన కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలీసుకు జరిగింది అదే. వానలు పట్టుకున్నాయి, బళ్ల ఎడ్లు చచ్చాయి, తిండిగింజలు అయిపోయాయి. కోటను కొట్టడానికి మోసుకెళ్లిన పెద్ద ఫిరంగులను తమ చేతులతోనే పాడుచేసి వెనుదిరిగాడు. దారిలో మిత్రపక్షమైన మరాఠా సైన్యం ఎదురొచ్చింది, దాని వెంట దాని బజారు. విల్క్స్ రాసిన మైసూరు చరిత్రలో ఆ బజారు వర్ణన చదివి తీరాలి. ఇంగ్లండు బనాతు (ఉన్నిగుడ్డ), బర్మింగ్‌హామ్ చాకు, కాశ్మీరు శాలువా, ఎవరో తొడిగి విడిచిన పాతబట్ట, అన్నీ ఒక్కచోటే. ధరలు మాత్రం మండిపోయాయట. ఆకలితో ఉన్నవాడితో బేరం ఎవరాడతారు!

ధాన్యం పని లంబాడీలది. ఎద్దుల మీద గోనెలేసుకుని తండాలకు తండాలు నడిచేవారు. ఇటు అమ్మేవారు, అటూ అమ్మేవారు. వాళ్ల జోలికి పోతే రేపు తమకే గింజ దొరకదని రెండు పక్షాలకీ తెలుసు.

గాజువాక నుంచి, మాజీ సైనికుడు:
మాస్టారూ, నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేశాను, అంటే సైన్యానికి తిండీ సరుకూ చేరవేసే విభాగం. ఊరొస్తే మా బావగారు ‘తిండికి ముందు, దండుకు వెనుక’ అని ఆటపట్టించేవాడు. వినీ వినీ అలవాటైపోయింది లెండి. మా కోర్ 1760 నుంచి లెక్క, డిసెంబరు 8న కోర్ డే చేస్తాం. మా నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’. 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అయింది, 1935లో ముందు ‘రాయల్’ చేరింది, స్వాతంత్ర్యం వచ్చాక పోయింది. 1939 చివర్లో మా కంచరగాడిదల కంపెనీలు ఫ్రాన్సు దాకా వెళ్లాయి. 1940లో డన్‌కర్క్‌లో మనుషులు ఓడలెక్కారు, జంతువులను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఒక కంపెనీ మొత్తం జర్మన్ల చేతికి చిక్కింది.

వెనుక ఉండటమంటే ఏమిటో లద్దాఖ్‌లో చూడాలి. మంచుపడి జోజిలా కనుమదారి మూసుకుపోయేలోపు చలికాలమంతటికీ పిండి, పప్పు, కిరసనాయిలు పైకి చేర్చాలి. దాన్ని వింటర్ స్టాకింగ్ అంటారు. అక్టోబరు వచ్చిందంటే ఆఫీసర్ల నుంచి డ్రైవర్ల దాకా అందరికీ టెన్షనే. మేకలను ప్రాణంతోనే పంపిస్తే ‘మీట్ ఆన్ హూఫ్’ అని రాస్తాం, నడిచొచ్చే మాంసం. వాటికి మళ్లీ మేత లెక్క వేరు!

ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక సభ్యురాలు:
మన ఊళ్లో బజారే యుద్ధం చేసిన సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ ఉన్నది అండమాన్లలో. అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశారంటే, రాజ్‌పుత్ నౌకతో విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. దాంతోపాటు ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్ ఇప్పించారు. అంత సరుకంటే పెద్ద నౌకాదళమే దిగబోతోందని వేగులవాళ్ల చెవిన పడాలి కదా. డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోపు ఘాజీ మన తీరానికి దగ్గరలోనే మునిగింది. ఎలా మునిగిందన్న దానిమీద రెండు దేశాల వాదన ఇప్పటికీ వేరు. బీచ్‌రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర ఫోటోలు దిగేవాళ్లలో ఈ వంకాయల ఆర్డర్ సంగతి ఎంతమందికి తెలుసో. వంకాయలన్నది నా ఊహ, కూరగాయలు నిజం.

సీతమ్మధార:
బాగా గుర్తు చేశారమ్మా. సరుకు లెక్క చూసి సైన్యం లెక్క కట్టడం గూఢచారి పాత విద్యే. ఆ విద్యనే ఎదుటివాడి మీద తిప్పారు.

పెందుర్తి నుంచి ఒక విద్యార్థి:
సార్, మా తాతగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు. ఆ మాట కూడా దండు నుంచేనా?

సీతమ్మధార:
అవును బాబూ. పారసీలో లష్కర్ అంటే సైన్యం. కంపెనీ దండులో డేరాలు వేసేవాళ్లు, ఫిరంగుల దగ్గర సాయం చేసేవాళ్లు లస్కర్లయ్యారు, ఓడల్లో పనిచేసేవాళ్లకూ అదే పేరు. కాలువ మీద తూము తలుపులు ఎత్తి దించే ఉద్యోగికి అదే పేరు నిలిచింది. సరంజామా కూడా ఇంచుమించు అలాంటిదే. మరాఠాల దగ్గర సైన్యాన్ని పోషించడానికి ఇచ్చిన భూమి పేరు సరంజాం, మనం పెళ్లి సామాను సర్దుతూ ఆ మాట వాడుతున్నాం.