జడ్జి నుంచి విద్యాశాఖకి డిప్యుటేషన్: ప్రమోషన్ సంగతేంటి?

మా రాయగడ వైపు తెలుగమ్మాయి, ఒడిశా సర్వీసులో సివిల్ జడ్జి. విద్యాశాఖలో పాలన పనికి డిప్యుటేషన్ మీద వెళ్దామనుకుంటోంది. ప్రొబేషన్ ముగిసి కన్ఫర్మ్ అయింది కాబట్టి లియన్ (పాత పోస్టుకి తిరిగొచ్చే హక్కు) నిలుస్తుంది; రాజీనామా ఇస్తే మాత్రం తిరుగుదారి మూసుకున్నట్టే. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుది. శాఖ ఎంత ముచ్చటపడినా కటక్‌లోని హైకోర్టు ఒప్పుకోనిదే ఫైలు కదలదు, అర్జీ జిల్లా జడ్జి ద్వారానే పోవాలి. (భువనేశ్వర్ విద్యా ట్రిబ్యునల్ సంగతి కాదండీ, అది ఎలాగూ జడ్జి పనే.)

తేలనిది ఒకటే. ప్రమోషన్‌కి రాసిన తీర్పులు, తేల్చిన కేసులు చూస్తారు కదా, తీర్పే రాయని ఆ ఏళ్ళని ఎలా లెక్కేస్తారు? పనితీరు మీద ఇచ్చే వార్షిక గోప్య నివేదిక శాఖ కార్యదర్శి రాస్తే చెల్లుతుందా? అలా వెళ్ళొచ్చినవాళ్ళుంటే, ఉత్తర్వులో సీనియారిటీ గురించి ఏం రాయించుకున్నారో కాస్త చెప్పండి.